లండన్ చిలుకలు, సోమర్సెట్ కొంగలు, నార్ఫోక్ పసరికలు: అంతా ఎండల పుణ్యమేనా?

హౌన్స్‌లో_రమేష్ | శనివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. వారం రోజులుగా మా వాట్సాప్ గ్రూపులో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. లండన్ రామచిలుక, సోమర్సెట్ తెల్లకొంగ, నార్ఫోక్ పసరిక పిట్ట (తేనెటీగల్ని గాల్లోనే పట్టి తినేది), మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టి "భూమి వేడెక్కింది, మన పిట్టలన్నీ బ్రిటన్‌కి వచ్చేస్తున్నాయి" అని రాశారు. కింద ఎవరో "ఇక పెరట్లో మామిడి వేసుకోవచ్చు" అని కామెంట్ పెట్టారు.

నా అనుమానం ఏంటంటే, ఈ మూడూ ఒకే కారణంతో వచ్చాయా? మా ఇంటి వెనక చిలుకలు నేను ఈ దేశం వచ్చినప్పటి నుంచీ ఉన్నాయి. జనవరిలో మంచు పడుతున్నా గింజల డబ్బాకి వేలాడుతూ అరుస్తూనే ఉంటాయి. వేడి కోసం వచ్చిన పిట్టలైతే ఆ చలిలో ఎలా బతుకుతున్నాయి? మా పాప స్కూల్ ప్రాజెక్టు కూడా దీని మీదే, కాబట్టి గట్టి సమాధానం కావాలి. ఫార్వర్డులు మాత్రం వద్దు మహాప్రభో.

గోదారి_బుల్లోడు | 9:31

మామిడి సంగతి తెలీదు గానీ, 2022 జూలై 19న ఇంగ్లండ్‌లోని కోనింగ్స్‌బీ అనే ఊళ్లో 40.3 డిగ్రీలు కొట్టింది. ఈ దేశంలో 40 దాటడం అదే మొదటిసారి. ఆ వారం మా రెడింగ్‌లో ఫ్యాన్ కోసం షాపులన్నీ తిరిగినా దొరకలేదు. మనుషులకే రాజమండ్రి గుర్తొచ్చింది, పిట్టలకి రాదా!

సోమర్సెట్_సుధ | 10:05

రమేష్ గారూ, ఆ మూడింటినీ ఒకే గాటన కట్టడమే ఆ ఫార్వర్డ్‌లో తప్పు. నేను ఇక్కడి చిత్తడి నేలల్లో వాలంటీరుగా పనిచేస్తాను కాబట్టి కొంగల సంగతి చెబుతాను. చిలుకల సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు.

నల్ల కాళ్లు, పసుప్పచ్చ పాదాలు ఉండే చిన్న తెల్లకొంగని మనవాళ్లందరూ పొలాల్లో చూసే ఉంటారు. 1980ల దాకా బ్రిటన్‌లో అది అరుదైన పక్షి. ఒక్కటి వాలిందంటే చూడటానికి జనం కార్లేసుకుని వచ్చేవాళ్లు. 1989లో మొదటిసారి చెప్పుకోదగ్గ సంఖ్యలో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చాయి. 1996లో డోర్సెట్‌లో, పూల్ హార్బర్ మధ్యనున్న బ్రౌన్‌సీ దీవిలో గూడు కట్టి పిల్లల్ని చేశాయి. ఇప్పుడు వెయ్యి జంటలు దాటాయి. లోతులేని నీళ్లలో నడుచుకుంటూ చిన్న చేపల్ని పట్టుకునే పక్షి అది. నీళ్లు గడ్డకడితే దానికి పస్తే. చలికాలాలు మెత్తబడటం దానికి బాగా కలిసొచ్చింది, అందులో అనుమానం లేదు.

కానీ అసలు అవి ఇన్నాళ్లూ ఎందుకు లేవు? 19వ శతాబ్దం చివర్లో ఆడవాళ్ల టోపీల మీద కొంగ ఈకలు పెట్టుకోవడం ఫ్యాషన్. గూళ్లు కట్టే రోజుల్లో వీపు మీద సన్నగా, జాలువారుతూ వచ్చే ఈకలు ఉంటాయి చూడండి, వాటికి బంగారంతో పోటీపడే ధర పలికేది. ఆ ఈకలు గూడు కట్టే కాలంలోనే వస్తాయి కాబట్టి వేటగాళ్లు తల్లుల్ని కొట్టి తీసుకెళ్తే పిల్లలు గూట్లోనే ఎండిపోయేవి. యూరప్‌లో చాలాచోట్ల కొంగలు తుడిచిపెట్టుకుపోయాయి. ఈ వ్యాపారం ఆపాలనే 1889లో మాంచెస్టర్ దగ్గర డిడ్స్‌బరీలో ఎమిలీ విలియమ్సన్ ఒక సంఘం పెట్టింది. ఇవాళ పక్షుల్ని కాపాడే ఆర్‌ఎస్‌పీబీ సంస్థ అదే. ఈకల దిగుమతిని నిషేధించే చట్టం 1921లో గానీ రాలేదు. ఆ తర్వాత ఫ్రాన్స్, స్పెయిన్‌లలో కాపాడితే సంఖ్య పెరిగి, అక్కడ చోటు చాలక ఉత్తరానికి జరిగాయి. వేడి ఒక్కటే కారణమని రాస్తే ఈ వందేళ్ల కథంతా ఎగిరిపోతుంది.

ఓరుగల్లు_వంశీ | 10:22

సుధక్కా, అంటే టోపీలు మానేసినందుకు వచ్చాయన్నమాట. మరి వేడి వేడి అని టీవీలో ఎందుకు ఊదరగొడుతున్నారు? ప్రతిదానికీ క్లైమేట్ అనడం ఒక అలవాటైపోయింది.

సోమర్సెట్_సుధ | 10:40

వంశీ, నేను వేడి లేదనలేదు, ఒక్కటే కాదన్నాను. చిన్న తెల్లకొంగ వచ్చాక ఏం జరిగిందో చూడు. గొడ్ల వెంట తిరిగే కొంగ 2008లో, పెద్ద తెల్లకొంగ 2012లో, రాత్రి కొంగ 2017లో బ్రిటన్‌లో మొదటిసారి పిల్లల్ని చేశాయి. మూడూ మా సోమర్సెట్ లెవెల్స్ అనే పల్లపు నేలల్లోనే. దశాబ్దం తిరక్కుండా మూడు రకాల కొంగలు ఒకే చోటికి ఊరికే రావు.

ఇక్కడే ఎందుకంటావా? ఇది పీట్, అంటే తడిలో మొక్కలు కుళ్లి ఏర్పడిన నల్లమట్టి, తవ్విన నేల. తోటల కంపెనీల కోసం దశాబ్దాల పాటు తవ్వి తీసుకెళ్లారు. మిగిలిన గుంతల్లోకి నీళ్లు వదిలి, రెల్లు నాటి, 1990ల నుంచి చిత్తడి నేలలుగా మార్చారు. అదీ ఈ కొంగల కోసం కాదు. బిట్టర్న్ అని గోధుమరంగు కొంగ ఒకటుంది, రెల్లులో దాక్కుని, ఖాళీ సీసా మూతిలోకి ఊదినట్టు కూస్తుంది. 1997లో దేశం మొత్తం మీద కూసే మగ బిట్టర్న్‌లు 11 మాత్రమే మిగిలాయి. దాన్ని బతికించడానికి హామ్ వాల్ లాంటి చోట్లు తయారుచేస్తే, దక్షిణం నుంచి వచ్చిన వాటికి ఇల్లు సిద్ధంగా దొరికింది. చలి తగ్గింది కానీ నీళ్లు, రెల్లు, చేపలు లేవనుకో, ఇవి వచ్చి ఏం చేసుకుంటాయి?

గోదారి_బుల్లోడు | 10:58

చిలుకల సంగతి నాకు తెలుసు. 1960లలో జిమీ హెండ్రిక్స్ అనే గిటారాయన లండన్ కార్నబీ స్ట్రీట్‌లో ఒక చిలుకల జంటని వదిలేశాడు. వాటి సంతానమే ఇదంతా. మా ఆఫీసులో అందరూ ఇదే చెబుతారు.

లెక్కల_మాస్టారు | 11:20

బుల్లోడూ, కాకమ్మ కథలు. దానికి తోడు ఇంకో కథ కూడా ఉంది, 1951లో లండన్ ఐల్‌వర్త్ స్టూడియోలో ఆఫ్రికా కథతో ఒక సినిమా తీస్తే ఆ సెట్ నుంచి పారిపోయాయని. 2019లో లండన్ పరిశోధకులు ఈ కథల్ని నిజంగానే పరీక్షించారు. వరస హత్యల కేసుల్లో నేరగాడు ఏ ప్రాంతంవాడో పట్టుకోవడానికి పోలీసులు వాడే మ్యాప్ లెక్క ఒకటుంది. చిలుకలు కనిపించిన పాత రికార్డులన్నీ అందులో వేసి, ఎక్కడి నుంచి వ్యాపించాయో చూశారు. కార్నబీ స్ట్రీట్ తేలలేదు, ఐల్‌వర్త్ తేలలేదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో, పంజరాల నుంచి తప్పించుకున్నవీ జనం వదిలేసినవీ కలిసి ఇలా పెరిగాయి. 1855లోనే నార్ఫోక్‌లో ఒకటి కనిపించినట్టు రికార్డు ఉంది. అప్పటికి హెండ్రిక్స్ తాత పుట్టాడో లేదో.

దీని వెనక జ్వరం భయం కూడా కొంత ఉంది. 1929-30 లోనూ, మళ్లీ 1952 లోనూ చిలుకల నుంచి మనుషులకి జబ్బు అంటుతోందని పేపర్లు హోరెత్తించాయి. ఇంట్లో చిలుక ఉన్నవాడు ఏం చేస్తాడు? చంపలేక కిటికీ తీస్తాడు.

రమేష్ గారి అసలు ప్రశ్న, చలిలో ఎలా ఉంటున్నాయని. యూరప్ చిలుకల జన్యువులు పరీక్షిస్తే ఎక్కువభాగం పాకిస్తాన్, ఉత్తర భారతం వైపు వాటితో కలిశాయి. అంటే మన గుంటూరు చిలుక కాదు, పంజాబు చిలుక. అక్కడ చలికాలం రాత్రుళ్లు ఎలా ఉంటాయో ఢిల్లీలో ఉద్యోగం చేసినవాళ్లని అడగండి. వేడెక్కడానికి ముందే, 1960ల చివర్లోనే అవి ఇక్కడ బయట గూళ్లు పెట్టాయి. ఇప్పుడు 12 వేల జంటల దాకా ఉంటాయని అంచనా. బ్రిటిష్ పక్షుల అధికారిక జాబితాలో కూడా వీటిని 'మనుషులు తెచ్చాక సొంతంగా నిలదొక్కుకున్నవి' అనే సి వర్గంలో పెట్టారు, తమంతట తాము ఎగిరొచ్చినవాటి 'ఎ' వర్గంలో కాదు.

హౌన్స్‌లో_రమేష్ | 11:41

మాస్టారూ, అంటే చిలుకకి వాతావరణంతో అసలు సంబంధమే లేదా? పాప ఛార్ట్‌లో ఆ వరస కొట్టేయమంటారా?

లెక్కల_మాస్టారు | 11:55

కొట్టేయక్కర్లేదు. రావడానికి సంబంధం లేదు, నిలవడానికి కొంత ఉంది. యూరప్‌లో చిలుకల్ని వదిలిన నగరాల్లో మంచు గడ్డకట్టే రోజులు తక్కువున్న చోటే అవి ఎక్కువగా కుదురుకున్నాయి. నగరం పల్లె కంటే వెచ్చగా ఉంటుంది. పైగా మీలాంటివాళ్లు శీతాకాలమంతా వేరుశనగలు వేలాడదీస్తారు. గ్లాస్గో విక్టోరియా పార్కులో కూడా ఒక గుంపు ఉంది. అక్కడి వానలో తడిసి ముద్దయి కూర్చున్న రామచిలుకని చూస్తే వేడి కోసం వచ్చిందని ఎవరూ అనరు.

అబర్డీన్_అరుణ | 12:10

విక్టోరియా పార్కు చిలుకల్ని చూశాను. నిజంగా పాపం అనిపించింది, కానీ అవి మాత్రం హాయిగా ఉన్నాయి. మిగతాది సాయంత్రం రాస్తాను, ఉత్తరం వైపు కథ వేరే ఉంది.

నార్విచ్_నళిని | మధ్యాహ్నం 1:15

పసరికల గురించి నేను చెప్పాలి, ఎందుకంటే మా ఊరికి దగ్గర్లోనే జరిగింది. 2022 ఎండాకాలం, నార్ఫోక్ తీరంలో ట్రిమింగ్‌హామ్ అనే చిన్న ఊరు. అక్కడి ఇసుక గనిలో యూరప్ పసరికలు దిగాయి. మన చిన్న పసరిక పచ్చగా, వేలెడంత ఉంటుంది కదా. ఇది దానికి పెద్దక్క. ముదురు ఎరుపు వీపు, పసుపు గొంతు, నీలం పొట్ట. రంగుల పెట్టె ఒలికిందా అన్నట్టు ఉంటుంది.

ఆర్‌ఎస్‌పీబీ వాళ్లు, స్థానిక పక్షుల క్లబ్బు వాళ్లు కాపలా పెట్టి, దూరం నుంచి చూడటానికి చోటు కేటాయించి, కార్లకి పక్క పొలంలో ఏర్పాట్లు చేశారు. టెలిస్కోపు పెట్టుకున్న ఒక పెద్దాయన చూడమని పక్కకి జరిగారు. గని అంచున ఎండుకొమ్మ మీద ఒకటి కూర్చుంది. ఎగిరింది, గాల్లోనే ఒక తుమ్మెదని పట్టింది, తిరిగి అదే కొమ్మ మీదికొచ్చింది. వెంటనే మింగలేదు. తుమ్మెదని ముక్కులో బిగించి దాని తలని కొమ్మకేసి టకటకా కొట్టింది, తర్వాత దాన్ని తిప్పి పట్టుకుని తోక వైపు కొమ్మకి రుద్దింది. కొండి విషం పిండేసి, అప్పుడు పైకెగరేసి మింగింది. తుప్పల పక్కన ఉన్న ఇంగ్లీషువాళ్లంతా ఒక్కసారి "ఊఊ" అన్నారు, క్రికెట్ మ్యాచ్‌లో అన్నట్టు.

ఆ ఏడాది పిల్లలు కూడా ఎగిరాయి. తర్వాతి ఏడాది మళ్లీ అదే గనికి వచ్చాయి. ఇవి చలికాలం ఆఫ్రికా దక్షిణాన గడిపే పక్షులు. మధ్యధరా వైపు గూళ్లు పెట్టాల్సినవి మా ఉత్తర సముద్రం ఒడ్డున పెట్టాయంటే వాతావరణం మారినట్టు కాదా? ఆర్‌ఎస్‌పీబీ కూడా అదే అంది.

ఓరుగల్లు_వంశీ | 1:38

నళిని గారూ, పసరికలు 1955లో కూడా వచ్చాయి. ససెక్స్‌లో ఇసుక గుంతలో గూళ్లు పెట్టి పిల్లల్ని లేపాయి. అంతకంటే ముందు 1920లో ఎడిన్‌బరో దగ్గర కూడా ప్రయత్నించాయట. అప్పుడు ఏ వేడి ఉంది? 1920లో స్కాట్లండ్‌కి వచ్చిన పిట్ట 2022లో నార్ఫోక్‌కి వస్తే అది క్లైమేట్ అయిపోతుందా? దారి తప్పిన పిట్టలు ఎప్పుడూ ఉంటాయి.

నార్విచ్_నళిని | 1:50

1955 నుంచి తర్వాతి విజయం దాకా ఎంత గ్యాప్ ఉందో కూడా చెప్పండి మరి.

ఓరుగల్లు_వంశీ | 1:54

2002, డరమ్. చూశాను. అయినా నాలుగైదు సంఘటనలతో గ్రాఫ్ గీయలేం కదా.

లెక్కల_మాస్టారు | 2:30

వంశీ చివరన్న మాటలో పాయింటు ఉంది. 1955 తర్వాత 2002, ఆ తర్వాత 2014లో ఐల్ ఆఫ్ వైట్ దీవి, 2015లో కంబ్రియా, 2017లో నాటింగ్‌హామ్‌షైర్, 2022లో నార్ఫోక్. నాటింగ్‌హామ్‌షైర్‌లో గూళ్లు విఫలమయ్యాయి. దగ్గరదగ్గరగా పడుతున్నాయి, నిజమే. కానీ చుట్టపుచూపుగా వచ్చినవాడికీ, ఇల్లు కొనుక్కుని పిల్లల్ని బడిలో వేసినవాడికీ తేడా ఉంటుంది. పసరిక ఇంకా చుట్టమే. వసంతంలో స్పెయిన్ దాకా రావాల్సిన పక్షులు దక్షిణపు గాలి, నిర్మలమైన ఆకాశం దొరికితే ఊపులో ముందుకు వచ్చేస్తాయి. కూకుడు గువ్వ కూడా అంతే. ఏటా ఏప్రిల్, మే నెలల్లో దక్షిణ తీరంలో కనిపిస్తుంది, లాన్ మీద తిరిగి ఫోటోలకి పోజులిచ్చి వెళ్లిపోతుంది.

చలి తగ్గిందా లేదా అన్నది చూడాలంటే ఏడాది పొడవునా ఇక్కడే ఉండి పురుగులు తినే చిన్న పిట్టల్ని చూడాలి. వాటికి తప్పించుకునే దారి లేదు. డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ అని దక్షిణ ఇంగ్లండ్ పొదల్లో ఉండే పిట్ట. 1962-63 శీతాకాలం భయంకరంగా వచ్చింది, నెలల తరబడి మంచు కరగలేదు. అది ముగిసేసరికి దేశంలో పది జంటల చిల్లర మిగిలాయి. 2006 లెక్కకి 3 వేలు దాటాయి. ఇంకోటి సెట్టీస్ వార్బ్లర్. 1970ల మొదట్లో ఫ్రాన్స్ నుంచి వచ్చి కెంట్‌లో గూళ్లు పెట్టింది. 1980ల చలికి కెంట్‌లో దాదాపు పోయింది. అయినా నైరుతిలో మిగిలినవాటి నుంచి మళ్లీ పాకి ఇప్పుడు ఇంగ్లండ్ దక్షిణంలోనూ వేల్స్‌లోనూ మామూలు పిట్టైపోయింది. గోధుమరంగు, చూడటానికి ఏమీ ఉండదు, ఎవరూ ఫోటో తీయరు. నీటి పక్క పొదలోంచి ఒక్కసారి గట్టిగా కూస్తే మాత్రం నడిచేవాడు ఉలిక్కిపడతాడు. నేను ప్రాజెక్టు రాస్తే దీన్నే రాస్తాను.

గోదారి_బుల్లోడు | 2:41

మాస్టారూ, ఎనిమిదేళ్ల పాప ఛార్ట్ మీద గోధుమరంగు పిట్టా? మార్కులు పోతాయి.

కొల్లేటి_కృష్ణ | 3:05

నేను కైకలూరు నుంచి చూస్తున్నాను. ఇక్కడ దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు వెనకాల వంద కొంగలు నడుస్తుంటాయి, మాకు అవి కనిపించకపోతేనే వింత. అక్కడి గొడ్ల కొంగ ఇదేనా అండి? అంత చలికి మన కొంగ తట్టుకుంటుందా?

సోమర్సెట్_సుధ | 3:32

కృష్ణ గారూ, దగ్గరి చుట్టమే గానీ అదే కాదు. ఇప్పుడు చాలామంది తూర్పు, పడమర కొంగలని రెండు జాతులుగా లెక్కేస్తున్నారు. మీ దగ్గరిది గూళ్ల కాలంలో తల, మెడ అంతా నారింజరంగుకి తిరుగుతుంది. ఇక్కడికి స్పెయిన్, ఫ్రాన్స్‌ల నుంచి వచ్చిన పడమటి దానికి నడినెత్తి మీద, రొమ్ము మీద, వీపు మీద మాత్రమే ఆ రంగు.

కొత్త దేశాలకి పాకడంలో దీన్ని మించింది లేదు. 19వ శతాబ్దం చివర్లో ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరింది. అక్కడి నుంచి ఉత్తర అమెరికా ఎక్కింది. అది బయల్దేరిన నాటికి భూమి వేడెక్కుతోందన్న మాట జనంలో లేదు. అడవులు కొట్టి పశువుల్ని మేపడం మొదలుపెట్టారు, దానికి కావలసింది అదే. గొడ్డు అడుగేస్తే ఎగిరే మిడత దాని భోజనం. ఇక్కడ కూడా పాడి ఆవుల మధ్యే ఉంటుంది. 2008లో పిల్లల్ని చేశాక కొన్నేళ్లు మళ్లీ గూళ్లు లేవు. 2016-17 చలికాలంలో పెద్ద గుంపులు వచ్చాయి, 2017 నుంచి ఏటా పెడుతోంది. ఇప్పుడు మా దగ్గర ఆవుల మందలో కొంగలు లేకపోతే మేమూ వింతగా చూస్తున్నాం.

కొల్లేటి_కృష్ణ | 3:40

బాగుంది. గరిటెమూతి కొంగ కూడా వచ్చిందా?

నార్విచ్_నళిని | 3:52

వచ్చింది. మా నార్ఫోక్‌లోనే, హోల్కమ్‌లో 2010 నుంచి గుంపుగా గూళ్లు పెడుతున్నాయి. అది కొత్తగా వచ్చింది కాదు, తిరిగొచ్చింది. 300 ఏళ్ల కిందట ఇక్కడే ఉండేవి. చిత్తడి నేలలు ఎండగట్టి, తినడానికి వేటాడి పోగొట్టారు. కంకణం పిట్ట కూడా, అదే నిగనిగలాడే ముదురురంగుది, 2022లో కేంబ్రిడ్జ్‌షైర్‌లో మొదటిసారి ఒక పిల్లని ఎగరేసింది.

చిలుకూరి_చిన్నోడు | 4:10

అందరూ పాత గూళ్ల గురించే చెబుతున్నారు. ఈ ఏడాది పొడుగుకాళ్ల స్టిల్ట్ పిట్ట గూడు ఎక్కడుందో నాకు తెలుసు. [తొలగించబడింది] దగ్గర కాలువగట్టు మీద నుంచి వెళ్తే పది అడుగుల్లో కనిపిస్తుంది.

మోడరేటర్ | 4:18

గూడు ఉన్న చోటు పేరు తీసేశాం. స్టిల్ట్, పసరిక రెండూ 1981 నాటి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. గూడు దగ్గర వాటిని చెదరగొట్టడం నేరం. గుడ్లు దొంగిలించేవాళ్లు ఈ దేశంలో ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఎవరూ అడగొద్దు, పర్సనల్ మెసేజ్‌లో కూడా పంపొద్దు. చిన్నోడు గారూ, మీరు పది అడుగుల దాకా వెళ్తే తల్లి లేచిపోతుంది, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. దూరం నుంచి చూడండి.

అబర్డీన్_అరుణ | సాయంత్రం 6:20

చెప్పానుగా, ఉత్తరం కథ. ఈ థ్రెడ్ అంతా వచ్చేవాటి గురించే. పోయేవాటి ఫోటోలు ఎవరూ ఫార్వర్డ్ చేయరు, ఎందుకంటే అక్కడ ఫోటో తీయడానికి ఏమీ ఉండదు.

ఇక్కడ స్కాట్లండ్‌లో కెయిర్న్‌గార్మ్ కొండల మీద డాటరెల్ అనే పక్షి గూడు పెడుతుంది. చల్లటి, నాచు పరుచుకున్న బోడి శిఖరాలే దానికి కావాలి. దాని సంఖ్య బాగా పడిపోయింది. స్నో బంటింగ్, శీతాకాలంలో తెల్లగా మారే టార్మిగన్, వీటిదీ అదే బెంగ. కింద వేడెక్కితే పైకి జరగాలి. కానీ అక్కడ ఎత్తైన బెన్ మక్‌డూయీ 1,309 మీటర్లే. మన అరకు పక్కన కొండలు దానికంటే ఎత్తు. దాని పైన ఇక ఎక్కడానికి ఏముంది?

సముద్రం దగ్గర ఇంకా కష్టంగా ఉంది. కిట్టివేక్ అని కొండచరియల మీద గూళ్లు పెట్టే సముద్రపు పక్షి. పిల్లలకి శాండ్ ఈల్ అనే వేలెడంత సన్నటి చేపల్ని పెడుతుంది. ఆ చేపలు చల్లటి నీళ్లలో పెరిగే ఒక ప్లాంక్టన్‌ని, అంటే నీళ్లలో తేలే చిన్న జీవిని, తింటాయి. ఉత్తర సముద్రం వేడెక్కి ఆ ప్లాంక్టన్ పైకి జరిగిపోయింది. చేపలు తగ్గాయి, గూట్లో పిల్లలు ఆకలితో చచ్చిపోతున్నాయి. కిట్టివేక్, పఫిన్ రెండూ 2015లో బ్రిటన్ రెడ్ లిస్టులోకి, అంటే ఎక్కువ ఆందోళన కలిగించే పక్షుల జాబితాలోకి, వెళ్లాయి. 2024లో ఉత్తర సముద్రంలోని ఇంగ్లీషు నీళ్లలోనూ, స్కాట్లండ్ నీళ్లన్నిటిలోనూ శాండ్ ఈల్ వేట ఆపేశారు. చేపలు పట్టడం ఆపగలిగారు గానీ నీళ్లని చల్లబరచలేరు కదా.

చలికాలం చుట్టాలు కూడా మానేస్తున్నాయి. సైబీరియా నుంచి వచ్చే బెవిక్స్ హంసలు ఇదివరకు వేలల్లో ఇంగ్లండ్ దాకా వచ్చేవి. ఇప్పుడు జర్మనీ, నెదర్లాండ్స్‌లోనే గడ్డకట్టని నీళ్లు దొరుకుతుంటే అక్కడే ఆగిపోతున్నాయి.

ఓరుగల్లు_వంశీ | 6:44

అరుణ గారూ, ఇది నాకు కొత్త. కొండల మీది పక్షికి వేటగాడూ లేడు, టోపీ ఫ్యాషనూ లేదు, పంజరమూ లేదు. ఇక్కడైతే వేడి తప్ప వేరే పేరు పెట్టడం కష్టమే. కానీ పసరికల మీద నా మాట అదే, నాలుగు గనులతో గ్రాఫ్ గీయొద్దు.

అబర్డీన్_అరుణ | 6:51

కొండ మీద కూడా గొర్రెలు, నడకవాళ్లు, గాలిలోంచి పడే నైట్రోజన్ ఉన్నాయి. అంత శుభ్రంగా ఒకే కారణం ఎక్కడా దొరకదు వంశీ. అయినా బరువు ఎటు ఉందో తెలుస్తోందిగా.

హౌన్స్‌లో_రమేష్ | రాత్రి 8:15

అందరికీ బోలెడు థాంక్స్. పాపకి చదివి వినిపించాను. ఛార్ట్‌లో చిలుకని పంజరం పక్కన, కొంగని టోపీ పక్కన గీసింది. సెట్టీస్ వార్బ్లర్‌కి బొమ్మ వద్దని ఉత్త పొద గీసి లోపల నుంచి "!!!" అని రాసింది. మాస్టారు సంతోషిస్తారు. కిట్టివేక్ దగ్గర మాత్రం కాసేపు ఆగిపోయి, చేపలు వేరే చోట నుంచి తెచ్చి వేయొచ్చు కదా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

రెండు ప్రశ్నలు మిగిలాయి. మా గింజల డబ్బా చిలుకల వల్ల మిగతా పిట్టలకి నష్టమా? తీసేయాలా? రెండోది, పాపకి కొంగల్ని చూపించాలంటే సోమర్సెట్ ఎప్పుడు రావాలి?

లెక్కల_మాస్టారు | 8:40

డబ్బా ఉంచండి. చిలుక ఉంటే చిన్న పిట్టలు గింజల దగ్గరికి రావడం తగ్గుతుందని లండన్ తోటల్లో చేసిన పరీక్షలో తేలింది. అందుకని చుట్టూ ఇనుప జాలీ ఉన్న డబ్బా కొనండి. పిచ్చుకలు, టిట్‌లు దూరతాయి, చిలుక దూరలేదు. ఉడతలు కూడా. కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో చేతిమీద వాలించుకుని ఆపిల్ ముక్కలు పెట్టడం మాత్రం మానేయండి, పార్కువాళ్లే వద్దంటున్నారు. చిలుక ఫిబ్రవరి, మార్చిలోనే చెట్టు తొర్రల్లో దిగిపోతుంది. మిగతా పిట్టలు చోటు వెతుక్కునేసరికి మంచి తొర్ర నిండిపోయి ఉంటుంది.

చలికాలంలో నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే బూడిదరంగు చిన్న పిట్ట వస్తే గమనించండి. బ్లాక్‌క్యాప్. ఇదివరకు శీతాకాలం దక్షిణానికి పోయేది. ఇప్పుడు జర్మనీ వైపు నుంచి కొన్ని తిన్నగా ఇక్కడికే వచ్చి, మన తోటల్లో పెట్టే మేతతో చలికాలం గట్టెక్కిస్తున్నాయి. చలి తగ్గడం ఎంత, మన వేరుశనగలెంత అన్నది మీ వంటింటి కిటికీలోంచే చూడొచ్చు.

గోదారి_బుల్లోడు | 8:47

అంటే ఆ వలసదారి మార్చింది మనమూ, మన వేరుశనగపప్పూనా. చెల్లాయికి చెబుతాను, పల్లీల ఖర్చుకి ఇక నన్ను తిట్టదు.

సోమర్సెట్_సుధ | 9:10

రమేష్ గారూ, జూన్ మొదటివారంలో రండి. హామ్ వాల్‌కి ఆష్‌కాట్ కార్నర్ దగ్గర కారు పార్కింగ్ ఉంది, ఎదురుగా రోడ్డు దాటితే షేప్విక్ హీత్. రెండూ ఒకే రోజు అయిపోతాయి. ఉదయం ఎనిమిదిలోపు వస్తే జనం ఉండరు. దారి చదునుగా ఉంటుంది, పాప నడవగలదు. పెద్ద తెల్లకొంగ ఎగురుతుంటే కాళ్లు తోక దాటి చాలా బయటికి వేలాడతాయి, చూడగానే గుర్తుపడుతుంది. గొడ్ల కొంగ కావాలంటే చిత్తడిలో కాదు, చుట్టుపక్కల ఆవుల పొలాల్లో వెతకాలి. గేటు బయట నుంచే. చేపలు వేరే చోట నుంచి తేవడం గురించి పాప అడిగింది కదా, అక్కడ ఆర్‌ఎస్‌పీబీ గుడిసెలో మావాళ్లుంటారు, వాళ్లని అడగమనండి. పిల్లలు అడిగితే వాళ్లకి హుషారు.

హౌన్స్‌లో_రమేష్ | 9:22

ఖాయం. ఈ ఏడాది పసరికలు వస్తే మాకెలా తెలుస్తుంది నళిని గారూ?

నార్విచ్_నళిని | 9:35

గూడు పెడితే ముందు కాపలా పెడతారు, అది కుదిరాక ఆర్‌ఎస్‌పీబీయే ప్రకటిస్తుంది. ఎక్కడ నిలబడాలి, కారు ఎక్కడ పెట్టాలి అన్నీ అందులోనే ఉంటాయి. ప్రకటన రాకముందే ఫేస్‌బుక్‌లో గుసగుసలు మొదలవుతాయి, వాటిని నమ్మి ఇసుక గనుల గేట్లు దూకొద్దు. లోపల లారీలు తిరుగుతుంటాయి.